మంచు చిరుతకు గొర్రె టీకా

సంపాదకులకు,

మంచు చిరుతలపై మీ కథనం చదివాను. దేశంలో 718 ఉన్నాయని, అందులో 477 లద్దాఖ్‌లోనే అని, 2019 నుంచి 2023 దాకా కెమెరా ట్రాప్‌లు (జంతువు కదలగానే ఫొటో తీసే కెమెరాలు) పెట్టి సర్వే చేశారని వివరంగా రాశారు. గొర్రెల ఊసే లేదు. పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నా చూపు అటే పోయింది.

ఈ చిరుతకు అసలు తిండి భరల్ (నీలి గొర్రె), ఐబెక్స్ (అడవి మేక) లాంటి కొండ జీవాలు. కప్పు లేని దొడ్డి కనబడితే మాత్రం లోపలికి దూకుతుంది. పారిపోయే దారిలేక జీవాలు బెదిరి పరుగెడుతుంటే, తినగలిగిందానికన్నా ఎక్కువే చంపేస్తుంది. ఒక్క రాత్రిలో మంద పోగొట్టుకున్నవాడి ముందు అరుదైన జంతువు అని ఉపన్యాసం ఇస్తే వింటాడా? లద్దాఖ్‌లో దొడ్లపై ఇనుప వల బిగించడం, హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో ఉన్న కిబ్బర్‌లో ఊరివాళ్లే పశువుల బీమా నడుపుకోవడం అందుకే.

నాకు మరీ నచ్చింది పాకిస్తాన్‌లోని చిత్రాల్ పద్ధతి. అక్కడ చిరుత నోటపడేవాటికన్నా రోగాలతో చచ్చే జీవాలే ఎక్కువ. దాంతో మందలకు టీకాలు వేసి, బదులుగా చిరుత జోలికి పోమని, మందను పెంచబోమని కాపరులతో ఒప్పందం చేసుకున్నారు. మంద పెరగకుంటే కొండ జీవాలకూ గడ్డి మిగులుతుంది.

రోగం కొండ జీవాలనూ వదలదు. మనం పారుడు రోగం అనే పీపీఆర్ 2017లో మంగోలియాలో సైగా జింకలను వేల సంఖ్యలో చంపింది. ఐబెక్స్‌లకూ సోకింది. అది గొర్రెలు, మేకల నుంచి అంటుకున్నదే. టీకా ఉన్న రోగం అది! ఇలాంటి వార్త విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఎడారిలోనూ మా వృత్తికి పని ఉంది. థార్‌లోని ఎడారి పిల్లికి ఊరి పిల్లులతో జతకట్టి సంకరమైపోయే ముప్పుంది, ఊరి పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాల్సింది మేమే. లద్దాఖ్‌లో గుంపులుగా తిరిగే కుక్కల సంగతీ అంతే.

కెమెరాలు వద్దనను. ఎన్ని ఉన్నాయో తెలియకుండా ఏ పనీ సాగదు. ఈసారి ఇలాంటి కథనం వేసేటప్పుడు ఆ లోయల్లో పశువైద్య సిబ్బంది ఎందరున్నారో, టీకా మందు చల్లదనం చెడకుండా పైదాకా ఎలా చేరుతోందో కూడా కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు