రేస్ పట్టేసిన మా మారుతి 800ని గాడిన పెట్టిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పన్నెండు ల్యాపులు తిప్పాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ ఇంజిన్ వేగం చెప్పినట్టు దిగింది. సాయం చేసినవాళ్లకు పేరుపేరునా ఫోన్ చేశాను గానీ, నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తిగా లేదు.

మాది పాత మారుతి 800, 796 సీసీ, కార్బొరేటర్ బండి. వెనక సీట్లు తీసేసి, రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా కాపాడే గొట్టాల చట్రం) వేసి ట్రాక్ కోసం తయారుచేసుకున్నాం. పోయిన నెల ట్రాక్‌లోని తిన్నటి దారి చివర కాలు తీసినా రేస్ తగ్గకుండా అలాగే పట్టేసింది. బ్రేక్ తొక్కినా ముందుకే లాగుతోంది. క్లచ్ తొక్కి, మెయిన్ స్విచ్ కొట్టేసి మట్టిలోకి దింపాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో చెప్పడానికి మాత్రం వారం పట్టింది.

పిట్‌లో (ట్రాక్ పక్కన బళ్లు బాగుచేసుకునే చోట) బానెట్ ఎత్తి చూస్తే ఏ తప్పూ లేదు. పెడల్ వదిలితే టక్కున వెనక్కి వస్తోంది. పెడల్ నుంచి కార్బొరేటర్‌కు వెళ్లే కేబుల్ మార్చాం, కార్బొరేటర్ కడిగించాం, కొత్త స్ప్రింగ్ వేశాం. తర్వాతి సెషన్‌లో మళ్లీ అదే.

అప్పుడు హైదరాబాద్ నుంచి ఒక అన్న గంటసేపు ఫోన్‌లో ఉండి, ఇక పార్టులు మార్చొద్దన్నారు. కేబుల్‌ను కార్బొరేటర్ లివర్ నుంచి ఊడదీసి, లివర్‌ను చేత్తో తిప్పి వదలమన్నారు. ఇంజిన్ ఆపి ఒకసారి, వేడెక్కి నడుస్తున్నప్పుడు ఒకసారి. నడిచే ఇంజిన్ గాలి లాగుతుంటే, అరిగిన బటర్‌ఫ్లై (కార్బొరేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే రేకు) షాఫ్ట్ ఒక పక్కకు ఒరిగి పట్టేయొచ్చు; ఆపి చూస్తే అది దొరకదు. రెండుసార్లూ లివర్ చక్కగా మూసుకుంది. కార్బొరేటర్ మీద అనుమానం తీరింది. అన్నా, ఆ గంట మాకు ఎంత మిగిల్చిందో!

అసలు తప్పు పట్టింది విజయవాడ ఆటోనగర్ పెద్దాయన. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం కొంచెంగా వదలమన్నారు. బండి ముందు ఎవరినీ నిలబడనివ్వలేదు, తాను పక్కనుంచి చూశారు. లోడ్ పడగానే ఇంజిన్ రెండు వేళ్లంత ఒరిగింది. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయింది! ఇంజిన్ ఒరిగినప్పుడు కేబుల్ బయటి గొట్టం మెలిక పడి, లోపలి తీగను బిగపట్టేస్తోంది. తీగ వదలదు కాబట్టి లోడ్ తగ్గదు, లోడ్ తగ్గదు కాబట్టి ఇంజిన్ వెనక్కి రాదు. క్లచ్ తొక్కితే ఇంజిన్ తన చోటికొచ్చి మెలిక విడిపోతుంది. పిట్‌కు వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగిలేది కాదు. న్యూట్రల్‌లో ఎంత రేస్ ఇచ్చినా లోడ్ ఉండదు కదా.

కొత్త మౌంటింగ్ వేసి, కేబుల్‌ను వంపు తగ్గేలా వేరే దారిలో తెచ్చారు. పెడల్ కింద స్టాప్ లేదనీ, బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకున్నాక కూడా నా కాలు తీగను లాగుతూనే ఉందనీ చూపించి, అక్కడో బోల్టు పెట్టారు. లివర్‌కు రెండో స్ప్రింగ్ కూడా వేశారు.

పక్క పిట్‌లోని తమిళ సోదరుడికీ రుణపడ్డాను. రేస్ పట్టేస్తే బ్రేక్‌ను పదేపదే కొట్టొద్దని చెప్పింది ఆయనే. బటర్‌ఫ్లై పూర్తిగా తెరిచి ఉంటే, బ్రేక్ తొక్కడానికి బలమిచ్చే బూస్టర్‌కు ఇంజిన్ నుంచి కొత్తగా వాక్యూమ్ అందదు, రెండు మూడు తొక్కులకే పెడల్ రాయి అయిపోతుంది. ఒకే ఒక్క తొక్కు, గట్టిగా. దీన్ని మా టీమ్ కుర్రాళ్లందరితో ప్రాక్టీస్ చేయించాను.

పెద్దాయన కూలి తీసుకోలేదు. చిరిగిన మౌంటింగ్ మాత్రం అడిగి తీసుకుని, పని నేర్చుకునే పిల్లలకు చూపించడానికి షెడ్డులో మేకుకు తగిలించారు.