వేపనూనె సీసా ఎందుకు మారింది

మన కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి వేపనూనె, లవంగనూనె, నీలగిరి తైలం విడిగా కొలిచి పోయడం మానేశాం. ఇంటి నుంచి సీసా తెచ్చినా పోయం. కొత్త సీసాలో, నొక్కి తిప్పితేగానీ రాని మూతతో, పెద్ద అక్షరాల చీటీ అంటించి ఇస్తున్నాం. దాంతో 60 మిల్లీల వేపనూనె మీద తొమ్మిది రూపాయలు పెరిగింది. పురిటి సరుకుల సంచిలోంచి తేనె, వస కొమ్ము తీసేశాం. "ఏంటండీ, సరుకు తగ్గించి రేటు పెంచారు" అని పోయిన వారంలోనే నలుగురైదుగురు అడిగారు. అడగాల్సిందే. కాటా దగ్గర నిలబెట్టి రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

జూన్‌లో ఒక సాయంత్రం మన పాత ఖాతా మనిషి ఒకాయన వచ్చి, ఏమీ అడక్కుండా ఒక చిన్న సీసా తీసి కాటా పక్కన పెట్టాడు. దగ్గుమందు సీసా. పాత చీటీ సగం ఊడింది, "సిరప్" అన్న అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. లోపలున్నది వేపనూనె. పోసి ఇచ్చింది మేమే. పాత సీసాలవాడి దగ్గర కిలోల లెక్కన కొని, వేడినీళ్ళలో కడిగి, ఎండబెట్టి వాడేవాళ్ళం. మా మామగారి రోజుల నుంచీ అంతే. సీసాకి నాలుగైదు రూపాయలు మిగిలేది.

వాళ్ళ బాబుకి ఏడాదిన్నర. రాత్రి రెండింటప్పుడు దగ్గుతుంటే, ఈయన నిద్రమత్తులో ఫోను వెలుగులో అలమర తీసి, చేతికందిన సీసాలోంచి చెంచాడు పట్టాడు. వాసన తెలియదా అంటారేమో. నేనూ అడగబోయి ఊరుకున్నాను. ఇంటిల్లిపాదికీ జలుబేనట. బాబు సగం ఉమ్మేశాడు. కాసేపటికి వాంతులు, తెల్లారేసరికి మగత, గబగబా ఊపిరి. ఆస్పత్రిలో మూడు రోజులున్నారు. ఇప్పుడు బాగున్నాడు, మొన్న కొట్టుకి వచ్చి ధనియాల బస్తాలో చెయ్యి కూడా పెట్టాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పిన్నిగారూ, ఈ సీసా మీ దగ్గరే ఉంచండి" అని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్లు తిట్టి పోయినా బాగుండేది.

ఆ రాత్రి వాళ్ళమ్మ ఉప్పునీళ్ళు పట్టి కక్కించబోతే ఈయన అడ్డుపడ్డాడట. అదొక్కటీ మంచి పని చేశాడని డాక్టరు అన్నారట. నూనె మింగిన పిల్లల్ని కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వేపనూనె కావచ్చు, నీలగిరి తైలం కావచ్చు, కర్పూరం కావచ్చు, పిల్లలు మింగితే గొంతులో వేలు పెట్టకండి, మజ్జిగ పట్టకండి. ఆ సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోను చెయ్యండి.

నాకు సిగ్గనిపించిన సంగతి ఇంకోటుంది. వేపనూనె పిల్లలకి ప్రమాదమని 1980ల్లోనే మలేషియా డాక్టర్లు రాశారు. తర్వాత మన దేశంలో డాక్టర్లూ రాశారు. వాంతులు, మగత, ఫిట్స్, మెదడు దెబ్బతినడం దాకా. ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి ఫోనులో తీసి చూపిస్తే తప్ప నాకు తెలియలేదు. "కడుపులో పురుగులకి రెండు చుక్కలు వేపనూనె" అని ఎవరైనా అంటే ఇన్నేళ్ళూ "ఆఁ" అని తలూపుతూ కొలిచి ఇచ్చాను. ఇక అలా ఇవ్వను. పురుగుల మాత్ర అంగన్‌వాడీలోనూ బడిలోనూ ఏడాదికి రెండుసార్లు ఊరికే వేస్తున్నారు. వేపనూనె తలకి, మొక్కలకి, గోడ వార చీమలకి. లోపలికి మాత్రం ఎవరికీ వద్దు.

ఇక పసుపు. దీని గురించి మాట్లాడితే మనవాళ్ళకి కోపం వస్తుంది, నాకూ వచ్చేది. మన పసుపు దుగ్గిరాల యార్డు సరుకు. కాయ కొనం, కొమ్మే కొంటాం, ఇక్కడే మరలో ఆడిస్తాం. కొమ్ము విరిస్తే లోపల నారింజ రంగు ఉండాలి, పైన మరీ నిగనిగలాడకూడదు. మెరుపు కోసం సీసం ఉన్న పచ్చరంగు పూసే పాడు అలవాటు కొన్నిచోట్ల ఉంది. బంగ్లాదేశ్‌లో 2019లో ఇది పెద్ద గొడవై అక్కడి ప్రభుత్వం దాడులు చేసింది. అందుకే బజార్లో మరీ పచ్చగా మెరిసే కొమ్ము కనబడితే నేను సంతోషపడను, భయపడతాను.

కల్తీ లేని మంచి పసుపే అయినా, తెగిన గాయంలో నింపడానికి మాత్రం పనికిరాదు. కారణం చాలా మామూలుది. పసుపుని పొలంలో తవ్వి, ఉడకబెట్టి, కళ్ళంలో నేలమీద ఎండబెడతారు. తర్వాత బస్తాల్లో నింపి, యార్డులో దించి, మరలో ఆడిస్తారు. ఉడకబెట్టినా చావని కొన్ని క్రిముల బీజాలు ఆ పొడిలో ఉంటాయి. మీ వంటింటి డబ్బాలో అయితే తడి చెంచా కూడా పడుతుంది. క్రిముల్ని చంపుతుందని మనం పెట్టే పసుపే కొత్త క్రిముల్ని లోపలికి తీసుకెళ్తుంది. పైగా ఆ పచ్చటి పూత కింద గాయం ఎర్రబడిందో చీము పట్టిందో డాక్టరుకి కూడా కనబడదు.

"మరి అమెరికావాళ్ళు పేటెంటు తీసుకున్నారుగా, గాయాలకి పనిచేస్తుందనేగా" అని ఒక మాస్టారుగారు నాతో వాదించారు. నిజమే, 1995లో అక్కడ ఒక విశ్వవిద్యాలయానికి పసుపుతో గాయం మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అయితే ఆ రద్దులో తేలింది ఇది కొత్త సంగతి కాదని, మన పాత గ్రంథాల్లో ముందే ఉందని. డబ్బాలో పసుపు ఏ గాయానికైనా పెట్టొచ్చని కాదు. మాస్టారుగారు ఒప్పుకోలేదు, అరకిలో పసుపు మాత్రం కొనుక్కుని వెళ్ళారు. చారులోకే వాడతారని ఆశ.

తెగితే ముందు పంపు కింద ధారగా కడగండి, సబ్బు పెట్టండి, శుభ్రమైన గుడ్డ కట్టండి. తుప్పు, మట్టి, పేడ తగిలితే టెటనస్ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి. కాలితే 20 నిమిషాలు చల్లని పంపునీళ్ళు. ఐసు వద్దు, పేస్టు వద్దు, పసుపూ వద్దు. బెణికితే పసుపు సున్నం పట్టు వేసుకోండి, చర్మం చిరగకుండా ఉంటేనే. షుగరు ఉన్నవాళ్ళు కాలి పుండుకి మందు అడిగితే ఇక నేను ఏదీ ఇవ్వను, మూతి ముడుచుకున్నా సరే. పోయినేడు ఒకావిడ కాలి పుండుకి నెల రోజులు ఆకు పొడి కట్టుకుంది. అడిగినప్పుడల్లా ఆకు పొడి ఇచ్చింది నేనే. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఆవిడ మళ్ళీ మన కొట్టుకి రాలేదు.

పురిటి సంచి సంగతి. తేనె మంచి తేనే, మన దగ్గర తేడా లేదు. అయితే తేనెలో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ కడుపులో అవి మొలకెత్తవు, ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు పీల్చలేదు, మెడ నిలపలేదు. కాచినా ఆ బీజాలు చావవు. పుట్టిన బిడ్డకి తేనె నాకించే ఆచారం మా ఇంట్లోనూ ఉండేది, మా అమ్మాయికి నాకించింది మా అత్తగారే. ఏడాది దాటిన పిల్లలకి దగ్గొస్తే పడుకోబోయే ముందు అర చెంచా ఇవ్వండి, అది మంచిదే.

వస కొమ్ము తీసేసినందుకు అమ్మమ్మలు గట్టిగానే కోప్పడుతున్నారు. వస పోయకపోతే మాటలెలా వస్తాయని. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, ఎలుకల్లో కంతులు పుట్టించిందని అమెరికాలో 1968లోనే తిండిలో వాడకుండా నిషేధించారు. చంటిపిల్లలకైతే వాంతులు కూడా అవ్వొచ్చు. వస పోయని మా మనవడు పగలంతా వసపిట్టలా వాగుతూనే ఉన్నాడు, వచ్చి వినండి కావాలంటే. కర్పూరం మూట చంటిబిడ్డ మెడలో కట్టడం కూడా మానెయ్యండి. నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి, చిన్న బిళ్ళ చాలు.

ఇంకో తప్పు నాదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు పటిక కోసం మన కొట్టు ముందు క్యూ కట్టారు. మూడు రోజుల్లో ఉన్నదంతా అమ్మాను, రేటు పెంచలేదని గొప్పగా కూడా చెప్పుకున్నాను. పటిక నీటిలో మురికిని దగ్గరకి చేర్చి అడుక్కి దించుతుంది. చిల్లగింజ అరగదీసినా అంతే. నీళ్ళు తేటపడతాయి, క్రిములు మాత్రం అన్నీ పోవు. తేరిన నీళ్ళు వంచుకుని మరగబెట్టాలి, లేదా మున్సిపాలిటీవాళ్ళిచ్చే క్లోరిన్ బిళ్ళ వెయ్యాలి. ఆ మాట ఎంతమందికి చెప్పానా అని ఇప్పుడు లెక్కేసుకుంటే, పదిమందికి కూడా చెప్పి ఉండను.

ఇంత చదివి నేను కొట్టు మూసేస్తున్నాననుకోకండి. పంటినొప్పికి లవంగనూనె అమ్ముతున్నాను, పంటి డాక్టర్లు కూడా దాంట్లోని యూజెనాల్ అనే పదార్థం వాడతారు. ఒక్క చుక్క, చెంచాడు కొబ్బరినూనెలో కలిపి, దూదితో పంటికి మాత్రమే, డాక్టరు దగ్గరకి వెళ్ళేదాకా. పిల్లలకి వద్దు. చెంచాడు లోపలికి పోయినా పసివాళ్ళ కాలేయం దెబ్బతినొచ్చు, అందుకే ఇప్పుడు 5 మిల్లీల చిన్న సీసాలోనే, నొక్కి తిప్పే మూతతోనే ఇస్తున్నాం. గొంతుకి ఉప్పునీళ్ళు, అజీర్తికి వాము, పప్పుల డబ్బాలో ఎండు వేపాకు, అమ్మవారు పోసి తగ్గుతున్నప్పుడు గోరువెచ్చని వేపనీళ్ళ స్నానం, ఇవన్నీ మామూలే. తామరకి మాత్రం వెల్లుల్లి నూరి కట్టకండి. పొద్దున్నకి బొబ్బలెక్కిన చేతులు నేను రెండు చూశాను.

మీ ఇళ్ళల్లో మన కొట్టు నుంచి పాత సీసాల్లో తెచ్చుకున్న నూనెలు ఉంటే, ఎంత మిగిలినా సరే, తెచ్చివ్వండి. అంతే నూనె కొత్త సీసాలో పోసి ఇస్తాం, డబ్బులు అక్కర్లేదు. వచ్చే నెలాఖరు వరకూ. ఆదివారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడైనా రండి.

మొదటి రోజు పదకొండు సీసాలు వచ్చాయి. మూడింటిలో ఏముందో తెచ్చినవాళ్ళకీ తెలియదు, వాసన చూసి నేనూ చెప్పలేకపోయాను.