తొమ్మిదో గుడ్డు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు ఇన్నాళ్లు ఆలస్యమైనందుకు ముందు క్షమించు, తిట్టడం తర్వాత తిట్టుదువుగాని. ఇక్కడ అందరం కులాసా. మేక కుంటడం మానేసింది, కుక్కకి పిడుదులు ఏరడం రోజూ ఉన్నదే, బాతులు మళ్లీ గుడ్లు మొదలుపెట్టాయి, అమ్మ నిన్ను అడిగానని రాయమంది. అసలు సంగతి వినరా, మన కోడి హెడ్‌మాస్టరమ్మ పిల్లల తల్లి అయింది! అవును, అదే. గోడ సంగతి నేనెవరికీ చెప్పలేదులే.

పొదుగుకు కూర్చున్న రోజు నుంచీ దగ్గరికి పోతే చాలు, ఈకలన్నీ రేపుకుని బుసకొట్టేది. రోజుకోసారి దిగడం, గబగబా నాలుగు గింజలు తిని నీళ్లు తాగడం, ఇంత లావు రెట్ట వేయడం, మళ్లీ పరుగున పోయి గుడ్ల మీద కూర్చోవడం. పదకొండు పెట్టాను. వారం దాటాక చీకట్లో టార్చి పెట్టి చూస్తే తొమ్మిదింట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి, మధ్యలో ఓ నల్ల చుక్క కదులుతోంది. మిగతా రెండూ వట్టివి, తీసేశాను. సరిగ్గా 21వ రోజుకి ఎనిమిది పిల్లలు దిగాయి. తొమ్మిదోది అలాగే ఉండిపోయింది.

మర్నాడు తల్లి పిల్లల్ని వెంటేసుకుని గూడు దిగిపోయింది. దాన్ని అనడానికి లేదురా. పుట్టేముందు పొట్టలోకి లాక్కున్న పచ్చసొన పిల్లలకి రెండు మూడు రోజులకి మించి రాదు, ఒక్క గుడ్డు కోసం ఎనిమిదింటిని పస్తుంచుతుందా? సరే, గూడు శుభ్రం చేద్దామని ఆ గుడ్డు తీశాను. చల్లగా ఉంది. పారేసేముందు ఎందుకో చెవి దగ్గర పెట్టుకున్నా. లోపల్నుంచి కిచ్‌మని సన్నగా, ఎంత సన్నగా అంటే... నా గుండె ఆగినంత పనైంది. తిప్పి చూస్తే లావు వైపున చిన్న బీట, అందులోంచి ముక్కు కొస, దాని మీద పెంకు పగలగొట్టుకునే తెల్లటి మొన.

అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి, వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబెట్టి, పక్కన తడిగుడ్డ పెట్టాను, గాలి పొడిగా ఉంటే పొర పిల్లకి అతుక్కుపోతుంది. పక్కింటి పిన్ని వచ్చి "పెంకు ఒలిచెయ్యరా, ఊపిరాడక పోతుంది" అని ఒకటే పోరు. పాపం ఆవిడ బాధ ఆవిడది. కానీ పొరలో నెత్తురు ఇంకా పిల్ల ఒంట్లోకి పోకముందే ఒలిస్తే నెత్తురోడి చస్తుంది. బీట పడ్డాక బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది, చూస్తూ కూర్చోవడమే. కాసేపు అరుస్తుంది, కాసేపు చప్పుడుండదు. ఆ చప్పుడు లేనప్పుడు చూడాలి, ఏం టెన్షన్‌రా అది! తెల్లవారుజామున పెంకు గుండ్రంగా చిట్లుకుంటూ వచ్చింది, ఒక్క తన్ను తన్ని బయటపడింది. నేను అరిచిన అరుపుకి ఇంట్లో అందరూ లేచారు.

ఆరిపోయి బొచ్చు విప్పుకున్నాక చూస్తే కాళ్లు రెండూ చెరో పక్కకి జారిపోతున్నాయి, నిలబడలేకపోతోంది. అంత సంతోషమూ ఆవిరైపోయింది. సన్నటి ప్లాస్టర్ ముక్కతో రెండు కాళ్లనీ కాస్త ఎడం ఉంచి కలిపి కట్టి, కింద కాలు జారకుండా గరుకు గుడ్డ పరిచాను. మొదట్లో బోర్లా పడటం, లేవడం, మళ్లీ పడటం. తర్వాత తర్వాత అడుగు పడింది. ప్లాస్టర్ తీసేసి నిన్న రాత్రి చీకట్లో తల్లి రెక్క కిందికి తోశాను, పగలైతే పొడుస్తుందని భయం. గొంతులో ఏదో గొణిగి రెక్క దించుకుంది. పొద్దున గింజ చూపించి అన్నిటితోపాటు దీన్నీ పిలుస్తోందిరా!

మొత్తం ఎనిమిదే ఉన్నాయి ఇప్పుడు. మిగతాదాన్ని మొన్న కాకి... అది ఇప్పుడు రాయలేను.

నీకింకా బాతుల సంగతి చెప్పాలి, పెద్ద బాతు నీ పేరు నిలబెడుతోంది, ఎలాగంటే, ఉండు, డాక్టరుగారు వచ్చేశారు. పిల్లలకి కొక్కెర తెగులు టీకా, ఒక్కోదానికి కంట్లో ఒక్కో చుక్క. నేను పట్టుకోకపోతే హెడ్‌మాస్టరమ్మ ఆయన్ని దగ్గరికి రానివ్వదు. ఈ తొమ్మిదో గుడ్డు పిల్లకి పేరు నువ్వే పెట్టాలి, వెంటనే రాయి. ఉంటా.