వీసా రొట్టె బాకీ

రేయ్ మామా,

అర్ధరాత్రి "అసలు ఎందుకు బతుకుతున్నాంరా మనం" అని ఒక్క ముక్క పెట్టి నువ్వు హాయిగా పడుకున్నావు, ఇక్కడ నాకు నిద్ర ఎగిరిపోయింది. ఉద్యోగం పోయిందేమో, ఇంట్లో గొడవేమో అని టెన్షన్ పడ్డా. తీరా అడిగితే ఏం లేదు, ఊరికే అనిపించింది అంటావు. అన్నీ బాగున్నప్పుడే వస్తుందిలే ఇది.

యక్షుడు ధర్మరాజుని అడిగాడు కదా, అన్నిటికన్నా ఆశ్చర్యం ఏంటని. రోజూ జనం పోతూనే ఉన్నా మిగిలినవాళ్లు తాము ఎప్పటికీ ఉంటామనుకోవడమే అన్నాడాయన. అరణ్యపర్వం చివర్లోది ఆ ఘట్టం. నన్నయ ఆ పర్వం మధ్యలో ఆగిపోయాడు, మన నెల్లూరు తిక్కన దాని జోలికే పోకుండా విరాటం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు రాసేశాడు, చివరికి 14వ శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన పూర్తి చేశాడు.

ఆ జవాబుని అందరూ వైరాగ్యం కింద చెప్తారు. నాకైతే అలా ఎప్పటికీ ఉంటామనుకోవడంలో తప్పేం కనపడదు. పోయిన పంటలో రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోయినోడు మళ్లీ అప్పు చేసి రొయ్య పిల్ల వదుల్తున్నాడంటే, చావు గుర్తుపెట్టుకుని కూర్చుంటే జరిగే పనేనా అది?

ఇంకోటి. మొహర్రం నెలలో మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఎన్ని రకాల రొట్టెలో నీకు తెలుసు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, పిల్లల రొట్టె, ఇల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లకు నీళ్లలో నిలబడి ఇస్తారు, హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. జీవితానికి అర్థం కావాలని రొట్టె పట్టుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. పెళ్లి రొట్టె ఇచ్చేసినామె అటు తిరిగి పిల్లల రొట్టె కోసం వెతుక్కుంటుంది. కోరిక తీరాక ఇంక చాలని ఇంటికి పోయేవాళ్లు తక్కువ. దీన్ని ఆశ అని తిట్టేవాళ్లున్నారు, తిట్టుకోనీ. నాకు మాత్రం అక్కడ నిలబడితే మనిషి మీద జాలి వేయదు, ముచ్చటేస్తుంది. ఎందుకంటే తన కోరిక తీరినోడు మళ్లీ అంత రద్దీలో తోసుకుంటూ వచ్చి, ఇంకోడి కోరిక కోసం నిలబడతాడు చూడు, అలా రావాలని వాణ్ణెవరూ బలవంతం చేయరు.

నువ్వు మాత్రం రొట్టె తిరిగి ఇవ్వడానికి రాలేదు. వీసా రొట్టె పట్టుకున్నావు, వీసా వచ్చింది, విమానం ఎక్కేశావు. మొన్న మీ అమ్మ కనపడి, వాడికి తీరిక లేదు నాయనా, వాడి బదులు నేనే ఇచ్చేస్తాలే అంది. నేనే వద్దన్నా. టికెట్ చూసుకో.