చిత్తడి నేల పార్కు సంరక్షణలో ప్రజా భాగస్వామ్యం గురించి ఉద్యానవనాల శాఖ అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మన చిత్తడి నేల పార్కు కోసం పాఠశాలలు, మత్స్యకారులు, నివాసుల సంఘాలు, పక్షి పరిశీలకులు ఇప్పటికే శ్రమిస్తున్నప్పటికీ, ఆ సహకారానికి రాతపూర్వక ఒప్పందమేదీ లేకపోవడం వల్ల అధికారులు మారినప్పుడల్లా పని మళ్లీ మొదటికి వస్తోంది.

చిత్తడి నేలల పరిరక్షణ కోసం కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమైన 1971 నాటి రామ్‌సర్ ఒడంబడికలో సభ్యులైన దేశాలు వాటి నిర్వహణలో స్థానికులను భాగస్వాములను చేయడంపై 1999లోనే మార్గదర్శకాలను ఆమోదించాయి. కనుక మేము కోరుతున్నది కొత్త విషయమేమీ కాదు.

గుర్రపుడెక్క తొలగింపునే తీసుకోండి. స్వచ్ఛంద కార్యకర్తలు తీసిన మొక్కలను గట్టుమీదే వదిలేస్తే అవి కుళ్లి, వాటిలోని నత్రజని, భాస్వరం వర్షపు నీటితో తిరిగి చెరువులోకే చేరి, కొత్త మొక్కలకు ఎరువవుతాయి. మనుషులను మేము సమకూర్చగలం. వాహనాన్నీ, కంపోస్టు చేసే స్థలాన్నీ శాఖ మాత్రమే ఇవ్వగలదు. బ్యానర్ కట్టి ఒక్క పూట చేసే శుభ్రత వల్ల ఫొటోలు మిగులుతాయేమో గాని నీరు బాగుపడదు.

అలాగే, పక్షులు గూళ్లు కట్టే కాలంలో రెల్లు కోయకూడదన్న సంగతి పరిశీలకులకు తెలిసినా, కోత తేదీలను నిర్ణయించేటప్పుడు వారిని అడిగేవారు లేరు.

కాబట్టి ఈ సంఘాల ప్రతినిధులతో సంయుక్త కమిటీని ఏర్పాటు చేసి, ఎవరి బాధ్యత ఏమిటో రాతలో పెట్టి, నీటి నాణ్యత పరీక్షల ఫలితాలను పార్కు ద్వారం వద్ద ప్రదర్శించాలని కోరుతున్నాము. తొలి సమావేశానికి తేదీ తెలియజేయగలరు.

భవదీయులు,
పార్కు స్వచ్ఛంద కార్యకర్తలు