ఎలుగుబంటి జాడ నేర్పిన పెంటల వాళ్లకు

నల్లమల అడవిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో ఎలుగుబంట్ల మీద నా పరిశోధనకు ఫీల్డ్ వర్క్ పూర్తయింది. రిపోర్టు మీద నా ఒక్కదాని పేరే ఉంటే న్యాయం కాదు కాబట్టి, అది బయటకు రాకముందే నలుగురిలో ఈ మాట చెప్పాలి.

అప్పాపూర్, ఫరహాబాద్ వైపు పెంటల్లోని, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లోని తాతలకు, అన్నలకు, అక్కలకు దండాలు. అచ్చంపేటలో పుట్టి పెరిగినా, నల్లమలను నేను చూసింది శ్రీశైలం బస్సు కిటికీలోంచే. ఎలుగుకు పై దవడలో నడిమి పళ్లు రెండు ఉండవనీ, ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుందనీ డిగ్రీలో చదివాను. పుట్టను రాత్రి తవ్విందా, నాలుగు రోజుల కింద తవ్విందా అన్నది మట్టి తడిని బట్టి, సాలెగూడును బట్టి పోల్చుకోవడం నేర్పింది మాత్రం వీళ్లే. జంతువు దగ్గరికి రాగానే దానంతట అదే ఫోటో తీసే కెమెరా ట్రాపు నేను కట్టిన ప్రతి చోటూ వీళ్లు చూపించిందే.

ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికి పండు, తేనె ఎలుగుకూ కావాలి, పెంటకూ కావాలి. ఇద్దరూ ఒకే చెట్టు కిందికి వస్తారు. ఎలుగుకు దూరపు చూపు తక్కువ. మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. అలా ముఖం మీద పెద్ద గాయమైన ఒక అక్క నన్ను ఆ చోటికి స్వయంగా తీసుకెళ్లింది. ఏ వేళప్పుడు, ఎటు నుంచి వచ్చిందో నిలబడి చూపించింది. "ఇంకొకరికి ఇట్ల కావద్దు, రాసుకో బిడ్డా" అంది.

అడవిలో ఎన్ని ఎలుగులున్నాయో లెక్కపెట్టాలని వెళ్లాను. ఆ అక్క మాట విన్న రోజు నుంచి ఎలుగూ మనిషీ ఎక్కడ, ఎప్పుడు ఎదురుపడుతున్నారన్నదే నా పని అయింది. 1972 వన్యప్రాణి చట్టం ఎలుగుకు గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో చోటిచ్చింది, మంచిదే. కానీ ఆ చెట్ల కింద తిరిగే మనిషికి భయం తగ్గకుండా ఎలుగు బతుకుతుందని నేననుకోను.

బేస్ క్యాంపుల్లో తమ అన్నంలో నాకూ ఇంత పెట్టిన, అడవికి కాపలా కాసే వాచర్లకు, అనుమతులిచ్చిన అటవీ అధికారులకు, మహబూబ్‌నగర్‌లో నాకు జువాలజీ చెప్పిన మేడమ్‌కు, "ఆడపిల్లకు అడవేంది" అన్నవాళ్లకు నా తరఫున జవాబు చెప్పిన నాయనకు కృతజ్ఞతలు.

ఒప్పుకున్న వాళ్లందరి పేర్లూ రిపోర్టులో నా పేరు పక్కనే వేస్తాను. తెలుగు ప్రతి ముందు పెంటల్లోనే చదివి వినిపిస్తాను. వాళ్లు తప్పన్న చోట దిద్దిన తర్వాతే పైకి పంపుతాను.