గడియారం పరుగెడుతుంటే ప్రకటనలా?

కార్యక్రమాల విభాగం అధికారి గారికి,

విషయం: ర్యాపిడ్ చెస్ టైబ్రేక్ ప్రసారాన్ని కీలక సమయంలో ఆపడం, ప్రకటించిన తెలుగు వ్యాఖ్యానం ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మీ ఛానల్‌కు ఏడాది చందా కట్టి చూస్తున్నాం. గత ఆదివారం చెస్ టైబ్రేక్‌ను, అంటే స్కోరు సమమైనప్పుడు విజేతను తేల్చే తక్కువ సమయపు ఆటను, తెలుగు వ్యాఖ్యానంతో చూపిస్తామని స్క్రోలింగ్ వేశారు. వచ్చింది ఇంగ్లిష్ వ్యాఖ్యానం. మా అమ్మకు ఆట బాగా తెలుసు, ఆ వేగంలో ఇంగ్లిష్ అర్థం కాదు. దాన్నైనా సర్దుకున్నాం. ఇద్దరి గడియారాల్లోనూ నిమిషం కూడా లేని సమయంలో మీరు ప్రకటనలు వేశారు. అవి అయ్యేసరికి ఆటగాళ్లు కరచాలనం చేస్తున్నారు. ఎలా గెలిచారో ఇప్పటికీ చూపించలేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "చెస్ స్లో గేమ్ అండీ, టీవీలో ఎవరూ చూడరు" అన్నారు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ మాటకు జవాబు.

క్రికెట్‌లో ఓవర్ అయ్యాక ఆట కాసేపు ఆగుతుంది కాబట్టి అక్కడ ప్రకటన వేసినా నష్టం లేదు. చెస్‌లో గడియారం ఎవరి కోసమూ ఆగదు. ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఒక్కొక్కరికి ఆట మొత్తానికి 15 నిమిషాలు, వేసే ఒక్కో ఎత్తుకు అదనంగా 10 సెకన్లు. ఇంకా వేగంగా సాగే బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. ఇది స్లో గేమ్ ఎలా అవుతుంది? గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటల్లో మొదటి గంట టీవీకి సరిపోదని నేనూ ఒప్పుకుంటాను. అది కత్తిరించండి, అభ్యంతరం లేదు. చివరి గంటను కత్తిరించకండి.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో మన గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్ గుర్తు తెచ్చుకోండి. డ్రా వైపు నడుస్తున్న ఆటలో 55వ ఎత్తుగా డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు. బోర్డు మీద చూస్తే మామూలు ఎత్తే. కానీ గుకేశ్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఏనుగులు మార్చుకుని, ఆ తర్వాత శకటులు కూడా మారితే మిగిలేది బంట్ల ఆట, అది తనదే అని అతనికి తెలిసిపోయింది. కాసేపటికి 18 ఏళ్ల కుర్రాడు ప్రపంచ చాంపియన్‌. ఆట ముగిశాక ఏడుస్తూనే పావుల్ని మళ్లీ వరుసగా పేర్చాడు. ఇంతకంటే టెన్షన్ ఏ ఆటలో ఉంది? ఆ క్షణంలో కెమెరా ముఖం మీద లేకపోతే, అది ఎందుకు తప్పో చెప్పేవాళ్లు పక్కన లేకపోతే, చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది.

మీ వ్యాఖ్యాతలు తెర అంచున ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కగట్టి అంకెల్లో చూపే ఇంజిన్ పట్టీని చదివి "ప్లస్ రెండు, ప్లస్ మూడు" అని అరుస్తున్నారు. ఆ అంకె మాకూ కనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి అది కనిపించదు కదా! అతనికి ఏ ఎత్తు సహజంగా తోస్తుంది, దానిలో ఉచ్చు ఎక్కడుంది, అది చెప్పాలి. 1970ల్లోనే బీబీసీ ఆటగాళ్ల చేత వాళ్ల ఆలోచనలను తర్వాత చెప్పించి, రికార్డు చేసి, ఆటతో కలిపి చూపించింది. నార్వే చెస్ టోర్నీలో ఆటగాడు మధ్యలో లేచి ఒక గదిలోకి వెళ్లి, ప్రత్యర్థికి వినపడకుండా ప్రేక్షకులతో మాట్లాడే ఏర్పాటు పెట్టారు. చూపించే దారులు ఉన్నాయి.

ఎవరూ చూడరన్నది తెలుగువాళ్ల విషయంలో అసలు ఒప్పుకోను. కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది. 2024లో దేశాల జట్లు పోటీపడిన బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో స్వర్ణం తెచ్చిన జట్లలో హారిక, హరికృష్ణ, మన వరంగల్ అర్జున్ ఉన్నారు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న పిల్లలు కూడా చెస్ కోచింగ్‌కు వెళ్తున్నారు. వాళ్ల ఆటను వాళ్ల భాషలో, ఎత్తు, బంటు, మంత్రి అనే మాటలతో చెబితే ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు.

కాబట్టి ఆ టైబ్రేక్‌ను తెలుగు వ్యాఖ్యానంతో మొత్తంగా పునఃప్రసారం చేయండి. ఇకపై ఆట నడుస్తుండగా ప్రకటన తప్పనిసరైతే తెరలో సగం బోర్డుకు, రెండు గడియారాలకు వదలండి. ఆటగాడి సమయం రెండు నిమిషాల్లోపు ఉంటే ప్రకటనే వద్దు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే మిగిలిన కాలానికి చందా తిరిగి ఇవ్వమని కోరుతూ 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ చందాదారు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్